రేలదిన్నె గోడల మీద

ఎనభై ఒకటి ఎండాకాలంలో మా ఊరి ఇళ్ళకు మొదట కప్పులు పోయాయి. నీళ్ళు రావడానికి ఇంకా టైం ఉంది. కృష్ణ మీద కట్టిన డ్యాం నిండితే రేలదిన్నె మునుగుతుందని అంతకు ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు గానీ, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ సంవత్సరం ఉగాది దాటాక జీపులో వచ్చినవాళ్ళు గోడల మీద ఎర్రరంగుతో గీత గీసి పోయారు. నీళ్ళు అంతవరకు వస్తాయట. మా ఇంటి గీత దర్వాజ కంటే పైన ఉంది. అమ్మ తలెత్తి దాన్ని చూసి, లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.

మా ఊళ్ళో అన్నీ మట్టిమిద్దెలే. నాలుగు గోడల మీద దూలాలు, దూలాల మీద కట్టెలు, ఆ పైన మట్టి పరిచి తొక్కుతారు. ఊరు వదిలిపోయేవాళ్ళు గోడలు మోసుకుపోలేరు. దూలాలూ దర్వాజలూ తీసుకుపోతే కొత్త జాగాలో నిలబెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. కానీ దూలం పగలకుండా మిద్దె విప్పడం అందరికీ చేతకాదు. మా బాపు లతీఫ్ తాపీమేస్త్రీ. ఊళ్ళో సగం మిద్దెలు ఆయన కప్పినవే. విప్పడానికి కూడా ఆయన్నే పిలిచారు. ఆయన ఎవరికీ కాదనలేదు. ఇంటింటికీ పోయి, నీ ఇల్లు నేనే విప్పుతా, ఇంకొకణ్ణి ముట్టనీయకు అని మాట ఇచ్చి వచ్చాడు.

మేం దూదేకులవాళ్ళం. పేర్లు ముస్లిం పేర్లు, ఇంట్లో మాట తెలుగు. అమ్మ పేరు ఖాదర్‌బీ. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడు రజాక్ ఇంకా గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మహబూబ్‌నగర్‌లో మా ఆజం మామ సైకిళ్ళ దుకాణం పెట్టుకుని ఉన్నాడు. అందరం అక్కడికి పోదామని అమ్మ ముందు నుంచీ అంటోంది. బాపు సరేననేవాడు. ఈ ఇళ్ళ పని అయిపోతే పోదామనేవాడు.

మొదట పోయింది మా పక్కింటి అండాలు వాళ్ళు. అండాలు నా ఈడు పిల్లే. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే. గోడ మీద కొడితే అటునుంచి అది కొట్టేది. వాళ్ళకు కొల్లాపూర్ అవతల ఎక్కడో కాలనీలో జాగా చూపించారట. బండి మీద దూలాలు, దూలాల మీద మంచాలు, మంచాల మీద అండాలు. పోయేటప్పుడు అది నాకు చెయ్యి ఊపలేదు. రెండు చేతులా కోడిపెట్టను పట్టుకుని ఉంది.

మర్నాడు పొద్దున లేచి అలవాటు కొద్దీ గోడ మీద కొట్టాను. తర్వాత ఆ ఇంట్లోకి పోయాను. ఆ ఇల్లు నాకు ఎప్పుడూ చీకటిగానే తెలుసు. వంటింట్లోకి పోతే కళ్ళు అలవాటు పడేదాకా అండాలు వాళ్ళమ్మ ఎక్కడ కూర్చుందో కనిపించేది కాదు. ఇప్పుడు కప్పు లేదు. ఎండ నిలువునా దిగి, సున్నం కొట్టిన గోడలు కళ్ళు చెదిరేలా తెల్లగా మెరుస్తున్నాయి. ఉట్టి వేలాడిన చోట కొక్కెం, దీపపు గూట్లో మసి, పొయ్యిలో చల్లారిన బొగ్గులు. అంత తెల్లటి జాగా నేను ఎన్నడూ చూడలేదు. బొగ్గు తీసుకుని పొయ్యి పక్క గోడ మీద అండాలు వాళ్ళమ్మను గీశాను. ఆమె ఎదురుగా అండాలును గీశాను. దాని చేతిలో రొట్టె పెట్టాను.

అట్లా మొదలైంది. ఇంటి వెంట ఇంటికి కప్పు పోతోంది. ఇంటి వెంట ఇంట్లోకి నేను పోతున్నాను. ఒక గోడ మీద ఆ ఇంటివాళ్ళ పొద్దున, పక్క గోడ మీద మధ్యాహ్నం, ఆ పక్క గదిలో పొద్దుగూకిన తర్వాత. ఈ గదిలో కొట్లాడుకున్నవాళ్ళు ఆ గదిలో తింటుంటారు. గది దాటితే కథ ముందుకు పోతుంది. నేను గీస్తూ వాళ్ళ మాటలు వాళ్ళ గొంతులతో నేనే అనేదాన్ని. బడి ఎప్పుడో మూతపడింది, పంతులు బదిలీ మీద పోయాడు. మాట్లాడుకోవడానికి ఊళ్ళో నా ఈడు పిల్ల ఇంకొకతె లేదు.

బాపుకు నీళ్ళ చెంబు ఇవ్వడానికి నిచ్చెన ఎక్కి గోడ మీదికి పోయేదాన్ని. ఆయన గోడ మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే నేను పక్కన కూర్చుని కిందికి చూసేదాన్ని. పైనుంచి చూస్తే ఊరంతా గదులు గదులుగా, గీతలు కొట్టి విడదీసినట్టు కనిపించేది. ఒక గదిలో మరిచిపోయిన చాట. ఒక గదిలో పిల్లి. మూలన మా ఇంటి వాకిట్లో అమ్మ, ఒళ్ళో రజాక్. ఆమె తల ఎత్తి మావైపు చూసేది కాదు.

బాపుకు సాయంగా బాలస్వామి అనే ఆయన వచ్చేవాడు. ఆదివారం ప్రార్థనకు పోయి, మిగతా రోజులన్నీ మట్టి లాగేవాడు. ఆయనొకసారి నా బొమ్మలు చూసి, కప్పు తీసేసిన తన ఇంట్లో తనను కూడా గీయమన్నాడు. ఎట్లా గీయాలని అడిగితే పండుకున్నట్టు గీయమన్నాడు. ఆ ఇంట్లో నేను ఎన్నడూ కంటినిండ పండుకోలేదు బిడ్డా అన్నాడు. గీశాను. ఆయన చాలాసేపు చూసుకుని పోయాడు. బాపు మాత్రం బొమ్మల గురించి ఏమీ అనలేదు. కానీ నేను గీసిన గోడల పక్క మట్టి దింపాల్సి వస్తే అటు కాకుండా ఇంకోవైపు దింపేవాడు.

వేసవి ముదిరేకొద్దీ ఊళ్ళో బతకడం కష్టమైంది. కిరాణా దుకాణం పోయింది. ఉప్పు కావాలన్నా కిరసనాయిలు కావాలన్నా కొల్లాపూర్ పోవాలి. బావిలో తాడు కూడా ఎవరో విప్పుకుని పోయారు. రజాక్‌కు జ్వరం వచ్చింది. తగ్గింది, మళ్ళీ వచ్చింది. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరిగేది. వీధిలో పలకరించే మనిషి లేడు. ఎప్పుడు పోదామని ఆమె రోజూ అడిగేది. ఇంకా రెండిళ్ళు ఉన్నాయని బాపు అనేవాడు. రెండు అయిపోతే ఇంకా రెండు ఉండేవి. ఆయన ఎందుకంత ఆలస్యం చేశాడో నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసునని కూడా చెప్పలేను. రేలదిన్నెలో ఆయన లతీఫ్ మేస్త్రీ. మహబూబ్‌నగర్‌లో బావమరిది ఇంటి వసారాలో పడుకునే మనిషి. అదే కావచ్చు. అమ్మతో అయితే ఆ మాట ఎన్నడూ అనలేదు.

మృగశిర దగ్గర పడుతుండగా ఒక లారీ వచ్చింది. ఎవరివో దూలాలు వేసుకుని కొల్లాపూర్ మీదుగా మహబూబ్‌నగర్ పోతోంది. ఆజం మామే డ్రైవరుకు చెప్పి పంపాడు, చెల్లెల్ని పిల్లల్ని ఎక్కించుకురమ్మని. అమ్మ ముందు రోజే మూటలు కట్టుకుంది. నా బట్టలు వేరుగా చిన్న మూట కట్టింది. బాపు సామాను మాత్రం గోడ పక్కన ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది, తాపీ, గడ్డపార, తాడు. అమ్మ దాన్ని రెండుసార్లు చూసింది.

బాపు ఎదురింటి గోడ మీద ఉన్నాడు. దూలం చుట్టూ మట్టి తీస్తున్నాడు. అమ్మ రజాక్‌ను ఎత్తుకుని గోడ కిందికి పోయి నిలబడింది.

"నువ్వు రావా?"

"ఈ ఇల్లు ఇప్పనీ. ఎనుక నుంచి వస్త."

"ఎనుక నుంచి అంటె ఎప్పుడు?"

బాపు పని ఆపలేదు. అమ్మ కొంచెంసేపు అక్కడే నిలబడి, తర్వాత లారీ దగ్గరికి వచ్చింది. డ్రైవరు చెయ్యి అందిస్తే పైకెక్కి దూలాల మీద కూర్చుంది. నన్ను ఎక్కమంది.

నేను గోడ మీది మనిషి వైపు చూశాను. పొమ్మంటే పోయేదాన్ని. ఉండమన్నా అంతే, ఉండేదాన్ని. ఆయన రెండూ అనలేదు. అంత ఎత్తున, ఎండలో, ఒక్కడే వంగి మట్టి తీసుకుంటున్నాడు. అందరూ పోతే ఆయనకు నీళ్ళ చెంబు ఎవరిస్తారని అనిపించింది.

"నేను బాపుతోని వస్త" అన్నాను.

అమ్మ బతిమాలలేదు, కోప్పడలేదు. నా మూట తీసి కిందికి అందించింది. లారీ కదిలింది. దుమ్ము లేచింది. కళ్ళల్లో పడకుండా అటు తిరిగి, బాపు ఉన్న గోడ దగ్గరికి పరుగెత్తాను.

ఆ తర్వాత ఊళ్ళో మేమిద్దరమే. పగలు బాలస్వామి వచ్చేవాడు, కొన్నాళ్ళకు ఆయన కూడా పిల్లల దగ్గరికి పోయాడు. నేను జొన్నరొట్టె కొట్టేదాన్ని. అది గుండ్రంగా వచ్చేది కాదు, పెనం మీదే ముక్కలయ్యేది. బాపు ఆ ముక్కలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుని తినేవాడు. ఇద్దరం ఒకే చోట ఉండేవాళ్ళం గానీ రోజంతా కలిపి నాలుగు మాటలు ఉండేవి కావు. మనిషి పక్కన ఉండగా వచ్చే ఒంటరితనం ఎట్లాంటిదో నాకు ఆ నెలలో తెలిసింది. అది దేనితోనూ పోదు. బొమ్మలు గీస్తే కొంచెంసేపు పోయేది.

అన్ని ఇళ్ళూ అయ్యాక చివరికి మా ఇల్లు మిగిలింది. బాపు ఒక్కడే విప్పాడు. పొద్దుటి నుంచి మొదలుపెట్టి ఎక్కడా ఆగలేదు, నేనిచ్చిన నీళ్ళు కూడా తాగలేదు. కప్పు పోయాక మా వంటింట్లోకి కూడా అందరి ఇళ్ళలోకి వచ్చినట్టే ఎండ వచ్చింది. నేను బొగ్గు తీసుకున్నాను. అమ్మను గీద్దామని మొదలుపెట్టాను. జడ వచ్చింది, చెవికమ్మ వచ్చింది, పొయ్యి ముందు వంగిన భుజం వచ్చింది. ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. లారీ మీదున్న ఆమె ముఖమే కావాలనిపించింది, ఎంత గుర్తు చేసుకున్నా అది నా దగ్గర లేదు. అందుకని వీపు ఇటువైపు పెట్టి, ఆమె పొయ్యి వైపు తిరిగి కూర్చున్నట్టు గీశాను.

బాపు వచ్చి చూశాడు. "గట్లనే కూసుండేది" అన్నాడు. ఆ ఎండాకాలం మొత్తంలో నా బొమ్మల గురించి ఆయనన్న మాట అదొక్కటే.

నీళ్ళు ఏటివైపు నుంచి ఉరుకుతూ వస్తాయని అనుకున్నాను. అట్లా రాలేదు. ఊరి పక్క వాగు ఒకరోజు ఆగిపోయింది. తర్వాత ఎదురెక్కడం మొదలుపెట్టింది. ఎండుటాకులు, పేడ, తుమ్మకాయలు వాగులో వెనక్కి తేలుకుంటూ వచ్చాయి. మేం బండి మాట్లాడుకుని దూలాలు వేసుకుని గట్టు ఎక్కాం. అక్కడి నుంచి చూస్తే నీళ్ళు వీధిలోకి చప్పుడు లేకుండా వచ్చాయి. దర్వాజలు లేవు కాబట్టి ప్రతి ఇంట్లోకీ నేరుగా పోయాయి. నా బొమ్మలన్నీ కాళ్ళ దగ్గరి నుంచి తడిసిపోతాయని అనుకున్నాను. పండుకున్న బాలస్వామి అందరికంటే ముందు మునుగుతాడు.

బాపు నన్ను మహబూబ్‌నగర్ తీసుకుపోయి ఆజం మామ ఇంట్లో అమ్మకు అప్పజెప్పాడు. గడప లోపలికి రాలేదు. బయట స్టూలు మీద కూర్చుని చాయ తాగి, పని చూసుకుని వస్తానని చెప్పి పోయాడు. కూలీలను దూరం పనులకు తీసుకుపోయే ఒక గుంపు మేస్త్రీతో కలిసి ఎక్కడో మహారాష్ట్రలో కడుతున్న ఇంకో డ్యాం పనికి పోయాడని తర్వాత తెలిసింది. పండుగలకు వచ్చేవాడు, అదే స్టూలు మీద కూర్చునేవాడు. తలాక్ లేదు, పంచాయితీ లేదు, కొట్లాట లేదు. అమ్మ రమ్మనలేదు, ఆయన ఉంటాననలేదు. మామ ఇంటి నుంచి అమ్మ వేరే కిరాయి ఇంటికి మారి, కుట్టుమిషన్ మీద మమ్మల్ని సాకింది. వాళ్ళిద్దరూ మళ్ళీ ఒక కప్పు కింద ఉండలేదు.

పెద్దయ్యాక నర్సు చదివాను. కువైట్‌లో కొంతకాలం దవాఖానలో పనిచేసి, అక్కడి నుంచి బెల్జియం పోయాను. గెంట్ అనే ఊళ్ళో ముసలివాళ్ళను చూసుకునే ఇల్లు ఒకటుంది, అందులో ఉద్యోగం. మొదట్లో వాళ్ళ భాష నాకు రాదు. నా మాట వాళ్ళకు అర్థం కాదు. వానాకాలం ఎన్నటికీ అయిపోని ఊరు అది. కిటికీ దగ్గర కూర్చుని, మందుల వేళలు రాసుకునే కాగితాల వెనక మళ్ళీ గీయడం మొదలుపెట్టాను. ఒక పేజీలో నాలుగు గదులు. ఒక గదిలో పొద్దున, పక్క గదిలో మధ్యాహ్నం. ఆ ఇంట్లోని ఒక పెద్దామె కూతురికి పుస్తకాలు అచ్చువేసే పని. ఆమె ఆ కాగితాలు చూసి పట్టుకుపోయింది. అట్లా బొమ్మలతోనే కథ నడిచే నా మొదటి గ్రాఫిక్ నవల వచ్చింది. తర్వాత రెండోది.

చదివినవాళ్ళు రకరకాలుగా అడిగేవారు. మీ ఇళ్ళకు కప్పులు ఎందుకు ఉండవు, ఎప్పుడూ పైనుంచే ఎందుకు చూపిస్తారు అని. మగవాళ్ళ పక్కన మాట కోసం బుడగ గీసి ఖాళీగా ఎందుకు వదిలేస్తారని. ఆ ఆడమనిషి ఏ పేజీలోనూ ఇటు తిరగదేమని. పరాయి దేశం వచ్చినవాళ్ళ ఒంటరితనాన్ని అట్లా చూపించానని ఒక పత్రికలో రాశారు. నేను అవునన్నాను. వాళ్ళ భాషలో రేలదిన్నె అనే మాట చెప్పడం నాకు రాలేదు.

తొంభై తొమ్మిదిలో సెలవు మీద మహబూబ్‌నగర్ వచ్చాను. మొదటి పుస్తకం వెంట తెచ్చాను. నేను వచ్చానని తెలిసి బాపు కొల్లాపూర్ నుంచి వచ్చాడు. పనులు మానేసి అక్కడే ఒక గది తీసుకుని ఉంటున్నాడు. రజాక్ డ్యూటీకి పోయాడు. ఇంట్లో మేం ముగ్గురమే. బాపు తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ చాయ ఇచ్చి మిషన్ దగ్గరికి పోయింది. బొమ్మల కథ రాశానని చెప్పి పుస్తకం బాపు చేతిలో పెట్టాను. ఆయనకు ఏ భాషా చదవరాదు. ఆ పుస్తకానికి ఆ అవసరం లేదు. ఒక్కో పేజీ మీద చాలాసేపు ఉంటూ, వేలితో ఒక గది నుంచి ఇంకో గదికి పోతూ చూశాడు. తన బొమ్మ దగ్గర ఖాళీ బుడగలను కూడా వేలితో తడిమాడు.

లారీ ఉన్న పేజీ దగ్గర ఆగిపోయాడు. పేజీ తిరగకపోవడం చూసి అమ్మ మిషన్ ఆపి లేచి వచ్చింది. ఆయన భుజం మీదుగా వంగి చూసింది.

"గీ లారీ మీదున్నది నేనేనా?"

అవునన్నాను.

"ఎనుకకు తిప్పి ఎందుకు గీసినవ్?"

"నాకు గట్లనే యాదికున్నది అమ్మా."

"నేను మీ దిక్కే చూస్తున్న" అంది అమ్మ. ఆమె గొంతులో ఏ నిష్ఠూరమూ లేదు. "తుమ్మచెట్ల మలుపు దాటెదాంక చూసిన. నువ్వే బాపు దిక్కు తిరిగినవ్."

బాపు వైపు చూశాను. అమ్మ ముఖం నువ్వయినా చూశావా అని అడిగాను. ఆయన పుస్తకం మీద నుంచి కళ్ళు ఎత్తకుండా, చూడలేదు బిడ్డా అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆమె వీపునే గీశాను. సంచీలోంచి పెన్సిలు తీసి, పుస్తకం వెనక అట్ట లోపలి తెల్ల కాగితం తెరిచాను. అప్పుడు నీ ముఖం ఎట్లా ఉండె అని అమ్మను అడిగాను. ఏడ్చావా, కోపంగా ఉన్నావా అని అడిగాను. ఆ రోజుల ఫోటో ఒక్కటి కూడా మా దగ్గర లేదు. అమ్మ నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది.

"నా ముఖం నాకేం తెలుస్తది బిడ్డా" అంది చివరికి. "ఎదురుంగ ఉన్నోళ్ళు చూడాలె."

పెన్సిలు పక్కన పెట్టేశాను. ముగ్గురం అన్నం తిన్నాం. పొద్దు వాలుతుండగా కొల్లాపూర్ బస్సుకు టైమైందని బాపు లేచాడు. అమ్మ రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. ఆయన అది తీసుకుని, చెప్పులు తొడుక్కుంటూ, తల వంచుకునే అడిగాడు.

"ఆ దినం నేను దిగుమనుంటె దిగుతుంటివా?"

ఆయన రెండో చెప్పు కూడా తొడుక్కుని నిటారుగా నిలబడ్డాడు.

"అడిగుంటె తెలుస్తుండె" అంది అమ్మ.

బాపు తల ఊపాడు. సంచీ సర్దుకుని మెట్లు దిగి సందులోకి నడిచాడు. అమ్మ గడపలోకి వచ్చి దర్వాజ పట్టుకుని నిలబడింది. నేను ఆయన వెంట బస్టాండు దాకా పోదామని మెట్లు దిగాను. రెండడుగులు వేసి, ఎందుకో ఆగి వెనక్కి తిరిగాను.

అమ్మ నన్ను చూడడం లేదు. నా తల మీదుగా సందు చివరి వైపు చూస్తోంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. కింది పెదవి కొంచెం విడివడి ఉంది, పిలవబోయి మానుకున్నట్టు. మెడ కొద్దిగా ముందుకు వంగి ఉంది. పోయే మనిషి అడ్డుతగిలే జనంలో కనబడకుండా పోతాడేమోనని, ఆమె ఒకసారి పక్కకు ఒరిగి చూసి మళ్ళీ నిలబడింది. సందులో సైకిళ్ళు నన్ను తప్పించుకుని పోతున్నాయి. బాపు మలుపు తిరిగేదాకా నేను కదలకుండా ఆ ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను.